అరవై రీడ్ల బేరం

హైదరాబాద్‌లో అమ్ముడుపోని వస్తువంటూ ఉండదు. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో ఒంటి చెప్పుకి కూడా గిరాకీ ఉంటుంది. జుమ్మేరాత్ బజార్‌లో టీవీ ఒకడు అమ్ముతుంటే దాని రిమోట్ పక్కవాడు అమ్ముతుంటాడు. అలాంటి ఊళ్లో మా బావమరిది ఒక కాన్సర్టినా అమ్మలేక నానా తంటాలూ పడ్డాడు.

కాన్సర్టినా అంటే ఆరు పలకల చిన్న పెట్టె. మధ్యలో మడతలు మడతలుగా తిత్తి, రెండు పక్కలా బటన్లు. చేతులు తోలు పట్టీల్లో దూర్చి, లాగుతూ నొక్కుతూ వాయించాలి. హార్మోనియానికి దూరపు చుట్టం. రెండింట్లోనూ పలికేవి గాలికి కదిలే రీడ్లే. మావాడు ప్రాజెక్టు మీద ఐర్లండ్ వెళ్లినప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. అచ్చంగా చేత్తో చేసింది. ఇలాంటిది కొత్తది కావాలంటే లక్షలు పోయాలి, పేరున్న పనివాడైతే ఆర్డరిచ్చి ఏళ్ల తరబడి కాచుకోవాలి. అందుకని అక్కడ పాతదానికీ మంచి రేటే ఉంటుంది. ఈ సంగతి చిక్కడపల్లిలో ఎవరికీ తెలియదు, అదీ వచ్చిన చిక్కు.

అమ్మకానికి కారణం పాప. పాప పడుకునే టైమూ వీడి సాధన టైమూ ఒకటే అయ్యేసరికి మా అత్తయ్యగారు తీర్పు చెప్పేశారు.

పాత సామాన్లు అమ్మే యాప్‌లో ప్రకటన పెట్టాడు. నాలుగు ముక్కల్లో తేల్చేస్తే వాడు మావాడెందుకవుతాడు? లండన్‌లో చార్లెస్ వీట్‌స్టోన్ 1829లో తీసుకున్న పేటెంట్ దగ్గర మొదలుపెట్టి, 1834లో జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఊలిగ్ అనే ఆయన వేరే పద్ధతిలో చేసిన పెట్టె దాకా చరిత్రంతా దించేశాడు. ఇంటర్ ఫిజిక్స్‌లో వీట్‌స్టోన్ బ్రిడ్జి బట్టీ పట్టాం చూడండి, ఆ వీట్‌స్టోనే. నిజానికి ఆ బ్రిడ్జి ఆలోచన క్రిస్టీ అనే ఆయనది, వీట్‌స్టోన్ దానికి ప్రచారం తెచ్చాడంతే. సొంతంగా చేసిన ఈ పెట్టె గురించి మాత్రం మనకు ఏ లెక్చరరూ చెప్పిన పాపాన పోలేదు.

జవాబులు బాగానే వచ్చాయి. అన్నిటికంటే ముందు వచ్చింది "లాస్ట్ ఎంత?" మొదటి రేటు చూడకుండా లాస్ట్ రేటు అడగడం మన జన్మహక్కు. ఒకాయన బదులుగా ట్రెడ్‌మిల్ ఇస్తానన్నాడు. ఇంకొకాయన బ్లూటూత్ ఉందా, ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎంతసేపొస్తుందని అడిగాడు. "పెట్టె ఇంతే ఉంది, రేటేమో అంతుంది, అదే డబ్బుకి పెద్ద హార్మోనియాలు పది వస్తాయి కదా సార్" అని లెక్కగట్టి చెప్పినవాడూ ఉన్నాడు. చివరికి మారేడ్‌పల్లి నుంచి రైల్వేలో రిటైరైన పెద్దాయన ఒకరు మర్యాదగా ఫోన్ చేసి, ఆదివారం వచ్చి చూస్తానన్నారు. ఎవరైనా తెలిసినవాళ్ల చేత ఒకసారి చెక్ చేయించి ఉంచమన్నారు.

తెలిసినవాళ్లంటే మావాడికి త్యాగరాయ గానసభ వెనక సందులో ఉండే హార్మోనియం మాస్టారు గుర్తొచ్చారు. పద్యనాటకాలకు వాయించీ వాయించీ తల నెరిసిన మనిషి. 1940లో ఆకాశవాణి వాళ్లు హార్మోనియాన్ని గడప తొక్కనివ్వకపోతే 1971 దాకా అదే తంతు నడిచింది. ఆ కోపం ఆయనకు ఇప్పటికీ చల్లారలేదు. ఇంకో వాద్యం మీద తీర్పు చెప్పాల్సొస్తే మాత్రం క్షణం తటపటాయించరు.

ఆదివారం పొద్దున్నే వచ్చి కాఫీ తాగి, కుడివైపు ఒక బటన్ మీద వేలేసి పెట్టె నొక్కారు. 'స' పలికింది. అదే బటన్ మీద వేలుంచి లాగారు. 'ని' పలికింది. ఆయన మొహం మారింది. పక్క బటన్: నొక్కితే 'గ', లాగితే 'రి'. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నొక్కారు. మళ్లీ అదే వరస.

"నాయనా, దీనికి శ్రుతి తప్పలేదు, మతి తప్పింది."

"అది దాని పద్ధతి మాస్టారూ! ఆంగ్లో అంటారు. మౌత్ ఆర్గాన్‌లో ఊదితే ఒకటి, పీలిస్తే ఒకటి రావట్లేదూ?"

"పద్ధతా? నొక్కేటప్పుడు ఒక మాట, లాగేటప్పుడు ఇంకో మాట. ఇలాంటిదాన్ని ఇంట్లో ఎలా ఉంచుకున్నావురా?"

"బాగా అడగండి" అన్నారు అత్తయ్యగారు వంటింట్లోంచి.

ముప్పై బటన్లు, రెండువైపులా కలిపి అరవై రీడ్లు. అన్నిటికీ ఒకటే జబ్బని తేలింది. బొటనవేలి దగ్గర ఇంకో బటన్ నొక్కితే అసలు ఏమీ పలకలేదు. అది చప్పుడు లేకుండా గాలి వదలడానికే పెట్టిన బటన్ అని మావాడు మొత్తుకున్నా, "మూగది" అని రాసేసుకున్నారు. కర్మకాలి ఎడమవైపు ఒక స్వరం నిజంగానే పలకలేదు. ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేరు.

ఆ పక్క ఆరు బోల్టులూ విప్పారు. లోపల చుట్టూ గుండ్రంగా పేర్చిన రీడ్లు. ఒక్కో ఇత్తడి చట్రంలో ఒక్కో సన్నటి ఉక్కు నాలుక. మాస్టారు కాసేపు నోరెత్తలేదు. "చేసినవాడు పనివాడే" అని, సంచీలోంచి ఆకురాయి తీశారు. రీడు కొసన గీస్తే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీస్తే తగ్గుతుంది; ఆ విద్య ఆయనకు వెన్నతో పెట్టింది. అరవైకి అరవై గీసి, నొక్కినా లాగినా ఒకే స్వరం పలికేలా సాయంత్రానికల్లా దారికి తెచ్చేస్తానని హామీ ఇచ్చారు. మావాడు టెన్షన్‌లో ఆకురాయి రెండో కొస పట్టుకుని వేలాడుతుండగా కాలింగ్ బెల్ మోగింది.

వచ్చిన రైల్వే పెద్దాయన విప్పిన పెట్టె చూసి కంగారుపడ్డారు. ఒక స్వరం పలకట్లేదని తెలిసి పదివేలు తగ్గించమన్నారు. ఆ మాటకి మాస్టారిలో ఏం కదిలిందో గాని, ఆకురాయి పక్కన పడేసి, కిరాణా బిల్లు చింపి, ఆ చిన్న ముక్క రీడు కిందికి మెల్లగా తోసి లాగారు. సన్నటి గులాబీరంగు నూలుపోగు బయటికొచ్చింది. పాప దుప్పటిది.

"పలక్కేం, పలుకుతుంది. పదివేలెందుకు తగ్గాలి?"

బోల్టులు బిగించాక పెద్దాయన ఒక పక్క పట్టీ పట్టుకుని పెట్టెను వేలాడదీశారు. తిత్తి గబుక్కున జారకుండా నింపాదిగా దిగింది, అంటే గాలి లీకు లేదన్నమాట. చిన్నప్పట్నుంచీ మౌత్ ఆర్గాన్ వాయించిన మనిషేమో, ఎక్కడా తడుముకోకుండా ఒక ట్యూన్ వాయించేశారు. మాస్టారు తల తిప్పుకుని కూర్చున్నారు గాని, మోకాలి మీద వేళ్లు తాళం వేస్తూనే ఉన్నాయి.

బేరం కుదిరింది, డబ్బు ఫోన్‌లో పడింది. అప్పుడు మాస్టారు గొంతు సవరించుకుని కమిషన్ సంగతెత్తారు. అమ్మినవాడి దగ్గర రెండు శాతం, కొన్నాయన దగ్గర రెండు శాతం.

"ఇద్దరి దగ్గరా ఏంటి మాస్టారూ?" అన్నాడు మావాడు.

"నొక్కినప్పుడు ఒకటి, లాగినప్పుడు ఒకటి. దీని పద్ధతే అంతన్నావు కదా నాయనా!"