సవరణ: హీటర్-కూలర్ నీళ్లు రక్తంలో కలవవు

గుండె ఆపరేషన్ల తర్వాత కనిపించిన మైకోబ్యాక్టీరియం కైమీరా అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ల గురించి గత పోస్టులో "మిషన్‌లోని నీళ్ల ద్వారా సోకింది" అని ఉంది. దాన్ని "మిషన్‌లోంచి లేచిన నీటి తుంపర గాలిలో వచ్చి, తెరిచిన ఛాతీలో పడి సోకింది" అని చదువుకోండి.

ఇది చిన్న తేడా కాదు. ఆపరేషన్‌లో రక్తాన్ని ఒంటి బయట యంత్రం ద్వారా తిప్పే (బైపాస్) సమయంలో దాన్ని చల్లబరచడానికి, మళ్లీ వెచ్చబెట్టడానికి వాడే మిషనే హీటర్-కూలర్. నీళ్లు తిరిగే దారి వేరు, రక్తం తిరిగే దారి వేరు. అయితే ట్యాంకు లోపల జిగురు పొరలా పట్టిన బ్యాక్టీరియా కంటికి కనపడని తుంపరతో పైకి లేస్తుంది, ఫ్యాను గాలి దాన్ని ఆపరేషన్ టేబుల్ వైపు తోస్తుంది. జ్యూరిక్ డాక్టర్లు 2015లో ప్రచురించిన ఆరు కేసుల్లో జబ్బు బయటపడటానికి ఏడాదిన్నర నుంచి మూడున్నరేళ్ల దాకా పట్టింది. వేర్వేరు దేశాల రోగుల్లో దొరికిన బ్యాక్టీరియా జన్యుపరంగా దాదాపు ఒకటేనని 2017లో తేలింది. మిషన్లు తయారైన చోటే అది చేరిందనడానికి ఇదే గట్టి ఆధారం.

కొందరు భయపడుతున్నట్టు ఇది ఇంట్లోవాళ్లకు అంటుకోదు. కేసు బయటపడ్డ ఆసుపత్రుల్లో కూడా ముప్పు సుమారు వందలో ఒకరి నుంచి వెయ్యిలో ఒకరికి అని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2016లో చెప్పింది.

కానీ వాల్వు మార్పించుకున్నవాళ్లకు వారాల తరబడి జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే ఆ ఆపరేషన్ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, అది జరిగి ఏళ్లయినా సరే. రక్తంలో బ్యాక్టీరియాను పెంచి చూసే మామూలు పరీక్షలో (బ్లడ్ కల్చర్) ఇది దొరకదు. ఈ జాతి బ్యాక్టీరియా కోసమే చేసే ఏఎఫ్‌బీ కల్చర్ పరీక్ష విడిగా రాయించుకోవాలి, ఫలితానికి వారాలు పడుతుంది.