పుష్-ఫోల్డ్ చార్టు గారికి ఒక మనవి

మహారాజశ్రీ పుష్-ఫోల్డ్ చార్టు గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

పోకర్‌లో చిప్పులు తగ్గినవాడికి దారి చూపే పట్టిక తమరు; చేతికొచ్చే రెండు ముక్కల రకానికొకటి చొప్పున ఉన్న తమరి 169 గడులూ క్షేమమని తలుస్తాం. పచ్చ గడి అయితే ఆల్-ఇన్ (ఉన్న చిప్పులన్నీ తోసెయ్యడం), ఎర్ర గడి అయితే ఫోల్డ్ (ముక్కలు పడేయడం). వర్జ్యం చూసుకుని గడప దాటినంత సుఖం. పది బిగ్ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఒకరు పెట్టాల్సిన పందేనికి పది రెట్లు) మిగిలినవాడికి ఆలోచించే బాధ తప్పించారు.

కాకపోతే ఎదుటివాడు కూడా మిమ్మల్ని బట్టీపట్టి వచ్చాడన్న నమ్మకం మీదే ఆ రంగులన్నీ నిలబడ్డాయి. స్మాల్ బ్లైండ్ (అందులో సగం పెట్టే సీటు) నుంచి పది తోస్తే, బిగ్ బ్లైండ్‌వాడు తనకు రాగల హ్యాండ్లలో మూడో వంతుకు పైగా వాటితో కాల్ చేస్తాడని (తానూ అంతే పెడతాడని) మీ లెక్క. 2023లో లాస్ వేగస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌కు 10,043 ఎంట్రీలు వస్తే డబ్బు దక్కింది 1,507 మందికి. కట్టింది 10,000 డాలర్లు, కనీస బహుమతి 15,000. ఇంకో పదిమంది పోతే డబ్బు ఖాయమన్న ‘బబుల్’ దశలో, తన ముక్కల కంటే ఇంకా ఎందరు మిగిలారో చెప్పే తెరమీది అంకెనే ఎక్కువసార్లు చూసేవాడు మూడో వంతుతో కాల్ చేస్తాడా? పదింట ఒకసారి చేస్తే గొప్ప.

యాంటీ (బ్లైండ్లకు తోడు ముందే కట్టే పందెం, ఇక్కడ ఒక బ్లైండ్) ఉన్న టేబుల్, ఇద్దరి దగ్గరా పదేసి బ్లైండ్లు అనుకోండి. అతను ఫోల్డ్ అయిన తొమ్మిది సార్లూ రెండున్నర చొప్పున 22.5 వస్తాయి. కాల్ చేసిన ఆ ఒక్కసారీ ఓడిపోతే, ముందే పెట్టిన అర పోను 9.5 పోతాయి. బబుల్ మీద పోయే చిప్పు బరువెక్కువ గనక దాన్ని రెట్టింపు చేసి 19 అనుకున్నా, ఇంకా మిగులే. చేతిలో నాసిరకం 7-2 ఉన్నా సరే. మీ గడి మాత్రం ఎర్రగా చూస్తూనే ఉంటుంది.

అదే సీట్లో ఇప్పుడే నలభై బ్లైండ్ల నుంచి పదికి పడి, చెవులు ఎర్రబడ్డవాడు కూర్చుంటే? ఏ ఏస్ వచ్చినా, ఏ కింగ్ వచ్చినా కాల్ చేస్తాడు. అతని మీద 7-2 తోస్తే కొరివితో తల గోక్కున్నట్టే.

కాల్ చేసే గడుల సంగతి ఇంకా ఘోరం. నలుగురు మిగిలారు, చిప్పులు సమానం, బహుమతులు ముగ్గురికే: 50, 30, 20. ఒక్కొక్కరి వాటా సగటున 25. కాల్ చేసి గెలిస్తే చిప్పులు రెట్టింపవుతాయి, వాటా మాత్రం 38.3 దగ్గరే ఆగుతుంది. అంటే, ఓడితే సున్నా గనక, బ్లైండ్లు పక్కనపెడితే, గెలిచే అవకాశం 65 శాతం ఉండాలి. సూట్ కలవని ఏస్-కింగ్, ఎదుటివాడు ముక్కలు చూడకుండా తోసినా, గెలిచేది సుమారుగా అంతే. వాడు చూసే తోస్తాడు కదా మహాప్రభో! చిప్పుల లెక్క ఒక్కటే ఎరిగిన మీ గడిలో ఏస్-కింగ్ పచ్చగా నిగనిగలాడుతోంది.

అన్నట్టు, మీ దగ్గర లింప్ (పెంచకుండా బిగ్ బ్లైండ్ మేరకే పెట్టడం) అనే రంగే లేదు. 12 బ్లైండ్లతో ఇంతసేపూ తోస్తూ వచ్చిన పెద్దమనిషి ఉన్నట్టుండి లింప్ చేసి, నీళ్ల సీసా అందుకుంటే ఏ గడి చూడాలి? మేమైతే అతను ఏస్‌ల జత దాచాడని అనుమానించి, బిగ్ బ్లైండ్‌లో చెక్ చేసి (ఏమీ పెంచకుండా) ఊరుకుంటాం.

ఇట్లు,
తమ విధేయులు

తా.క.: బబుల్ పగిలిందని మైకులో చెప్పగానే, అంతదాకా ఊపిరి బిగబట్టిన చిన్న స్టాక్‌లన్నీ (తక్కువ చిప్పులున్నవాళ్లు) ఒక్కసారిగా ఆల్-ఇన్‌లకు దిగుతాయి. పావుగంట క్రితం జాక్‌ల జత పడేసిన మనిషే ఇప్పుడు కింగ్-8తో తోస్తాడు. దయచేసి తమరి రెండో పేజీ ఎక్కడుందో తెలియజేయగలరు.