టానిక్ సీసాతో నేల కడుపు నిండదు

మిద్దె తోటల గ్రూపుల్లో ఈ మధ్య ఏ ప్రశ్న అడిగినా ఒకటే జవాబు. వంగ పూత రాలిపోతోందా? సీవీడ్, అంటే సముద్రపు నాచు సారం, కొట్టండి. టమాటా ఆకు పాలిపోయిందా? సీవీడ్ కొట్టండి. కుండీలో మట్టి గట్టిపడిందా? సీవీడ్ గుళికలు వేయండి. సముద్రపు నాచు మీద నాకు ఏ కోపమూ లేదు. నేలకు పెట్టదగిన మంచి వస్తువుల్లో అదొకటి. నా అభ్యంతరమంతా ఆ సారం పోసి అమ్మే సీసా మీద. నాచు నేలను బాగుచేస్తుందన్న మాట ఎక్కడ నిజమైందో, ఎంత నాచు వేస్తే నిజమైందో చూస్తే, మనం డబ్బు పోసి కొంటున్నది ఆ వస్తువు కాదని తేలిపోతుంది.

ఐర్లాండ్ పడమటి తీరంలో, గాల్వే అఖాతం ముఖద్వారంలో అరాన్ దీవులు మూడున్నాయి. అక్కడ చాలాచోట్ల పైన మట్టే లేదు, సున్నపురాయి పలకలే. ఆ దీవుల జనం రాతి పగుళ్లను చిన్న రాళ్లతో పూడ్చి, ఒడ్డు నుంచి ఇసుకా నాచూ బుట్టల్లో మోసుకొచ్చి, పొర మీద పొర పరిచి మడులు చేశారు. ఆ మడుల్లో బంగాళాదుంప, రై అనే ధాన్యం పండించుకున్నారు. తరాల తరబడి చేసిన పని అది. ఇంగ్లిష్ చానల్‌లోని జెర్సీ దీవిలోనూ ఇదే కథ. మనకు ఆవుల వల్ల పేరు తెలిసిన జెర్సీయే అది. అక్కడ ఆటుపోట్ల తేడా 12 మీటర్ల దాకా ఉంటుంది. పోటుకు ఒడ్డున పడిన నాచును బండ్లకెత్తి బంగాళాదుంప చేలకు తోలేవాళ్లు. సముద్రం ఉచితంగా తెచ్చిపడేసింది, వాళ్లు టన్నుల లెక్కన నేలకు తినిపించారు.

ఆ నాచు నేలలో చేసే పని కూడా గొప్పదే. గోధుమరంగు నాచుల్లో ఆల్జినేట్ అనే జిగురు పదార్థం ఉంటుంది. అది మట్టి రేణువులను ఉండలుగా పట్టి ఉంచి తేమను నిలుపుతుంది. పొటాషియం బాగా ఉంటుంది, నత్రజని ఓ మోస్తరు, భాస్వరం తక్కువ. త్వరగా కుళ్లుతుంది. పశువుల ఎరువుతో వచ్చినట్టు కలుపు గింజలు దీనితో రావు. ఒక తోటకు ఇంతకన్నా ఏం కావాలి? కాకపోతే ఈ గుణాల్లో చాలావరకు బండికెత్తిన నాచువి. పిండి, వడగట్టి, సీసాలో పోసిన రసానివి కావు.

ఇక సీసా లెక్క చూద్దాం. పేరున్న ద్రావణాల్లో 28 శాతం సారం ఉంటుందని లేబుల్ మీద రాస్తారు. లీటరు నీటికి మూడు మిల్లీలీటర్లు కలిపితే ఆ లీటరులో మొత్తం సారం ఒక గ్రాముకు లోపే. అందులో పొటాషియం ఎంత, మిగతాది ఎంత అన్నది పక్కన పెట్టండి, అంతా కలిపే గ్రాము రాదు. కిలో టమాటా పండ్లలో రెండు గ్రాములకు పైగా పొటాషియం ఉంటుంది. ఒక మొక్క అయిదు కిలోలు కాసిందంటే కాయల్లోనే పది గ్రాములకు మించి పొటాషియం కుండీ దాటి వంటింటికి వెళ్లిపోయింది. ఆకులూ కాడలూ తీసుకున్నది వేరే. గ్రాము కూడా లేని పిచికారీతో ఆ లోటు ఎలా పూడుతుంది?

పొలం స్థాయిలో లెక్క ఇంకా తేటగా ఉంటుంది. ఎకరం నేలలో పై ఆరంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. సాయిల్ హెల్త్ కార్డు మీద సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే ‘తక్కువ’ అని రాస్తారు. దాన్ని 0.1 శాతం పెంచాలన్నా 900 కిలోల కర్బనం మట్టిలో నిలవాలి. మన ఎండలకు వేసినదాంట్లో చాలాభాగం కుళ్లి గాలిలో కలిసిపోతుంది కాబట్టి, ఆ 900 కిలోలు నిలబడాలంటే ఏటా టన్నులకొద్దీ ఎరువో, పచ్చిరొట్టో పడుతూనే ఉండాలి. ఎకరానికి పావు లీటరో అర లీటరో సీసా మందుతో ‘భూసారం పెరుగుతుంది’ అని ప్రచారం చేసేవాళ్లు ఈ ఒక్క లెక్కకు జవాబు చెప్పాలి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి బయోస్టిమ్యులెంట్లను అందులో చేర్చింది. నాచు సారం అందులో ఒక రకం. మొక్కలో జీవక్రియలను ప్రేరేపించేది, పోషకాలు ఎన్ని ఉన్నాయన్నదానితో సంబంధం లేనిది, అని నిర్వచనంలోనే ఉంది. అంటే పోషకాలు అందించడం దీని ప్రధాన పని కాదని ప్రభుత్వమే రాసిపెట్టింది. అయినా మన దుకాణాల్లో దాన్ని అమ్మేది ‘సేంద్రియ ఎరువు’ అనే పేరుతోనే. 2025 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ చెప్పిన ప్రకారం, ఒకప్పుడు సుమారు 30 వేల బయోస్టిమ్యులెంట్ ఉత్పత్తులు అదుపు లేకుండా అమ్ముడయ్యాయి. నిబంధనలు బిగించాక మిగిలినవి 650 దాకా. మరి ఆ మిగతా సీసాల్లో ఏముందో, వాటికి డబ్బు కట్టిన రైతుకు ఎవరు చెప్పారు?

నాచు సారం అసలు పనిచేయదని నేననడం లేదు. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ కప్పాఫైకస్ అనే ఎర్రనాచు రసం తీసే పద్ధతిని రూపొందించి చాలా పంటల మీద పరీక్షించింది, దిగుబడి పెరిగిన ఫలితాలున్నాయి. తమిళనాడులోని రామనాథపురం తీరంలో వెదురు తెప్పల మీద 45 రోజులకో కోత చొప్పున ఆ నాచును పెంచే మహిళలకు అది బతుకుతెరువు. ఆ సారంలోని సైటోకైనిన్ల వంటి మొక్కల హార్మోన్లు ఎండ దెబ్బకు మొక్క తట్టుకునేలా సాయపడతాయి. బాగా తిన్న మొక్కకు ఇవన్నీ అదనపు మేలు. అన్నం పెట్టకుండా టానిక్ పోస్తే పిల్లాడు పెరగడు, అంతే. కొబ్బరి పొట్టు ఎక్కువ, ఎరువు తక్కువ వేసి నింపిన కుండీలో వంగ మొక్కను దగ్గరగా చూడండి. కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి, పైవి పచ్చగానే ఉంటాయి. నత్రజని చాలక పాత ఆకుల్లోంచి కొత్త ఆకులకు మొక్క తనే లాగేసుకుంటోంది. దానికి సీవీడ్ కొడితే పైన ఇంకో రెండు చిగుళ్లు వేయడానికి మరింత లాక్కుంటుంది, అంతకుమించి జరిగేదేమీ లేదు.

మరి అరాన్‌లో లాగా ఒడ్డునున్న నాచునే తెచ్చుకోవచ్చు కదా అంటారు. మనకు అంత నాచు లేదు. నాచు పట్టుకోవడానికి రాయి కావాలి. కృష్ణా, గోదావరి డెల్టాల తీరమంతా ఇసుకా ఒండ్రూ. భీమిలి, రుషికొండ దగ్గర రాళ్ల మీద ఉన్నది కొద్దిపాటిది. దాన్ని గీకి తెచ్చుకుంటే చేపపిల్లలు దాక్కునే చోటు పోతుంది. తుపాను తర్వాత ఒడ్డున పడినది ఓ బస్తా దొరికితే మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, ఎండుటాకులతో కలిపి కంపోస్టు కుప్పలో వేసుకోవచ్చు. ఐర్లాండ్‌లో ఏడాది పొడవునా వాన ఉప్పును కడిగేస్తుంది. మన దగ్గర ఎండ దాన్ని నేల పైకి లాగుతుంది. అసలే చౌడు ఉన్న నేలలో వేయనే వద్దు.

అరాన్ జనం నుంచి నేర్చుకోవాల్సింది నాచు ఒక్కటే అనుకోవడం దగ్గరే మనం పొరబడుతున్నాం. వాళ్లు దగ్గర్లో పుష్కలంగా, ఊరికే దొరికినదాన్ని నేలకు పెట్టారు. మనకు అలా దొరికేది గుర్రపుడెక్క. కృష్ణా డెల్టా కాలువల్లో ఎటు చూసినా అదే. ఖరీఫ్‌కు నీళ్లు వదిలే ముందు దాన్ని తీయించడానికి జలవనరుల శాఖ టెండర్లు పిలుస్తుంది, బిల్లులు కడుతుంది. తీసిన డెక్క గట్టు మీదే ఎండి, వానకు మళ్లీ కాలువలోకి జారుతుంది. అది కూడా నాచులాగే పొటాషియం ఉన్న మొక్కే, త్వరగా కుళ్లేదే, 90 శాతానికి పైగా నీరే. రెండు రోజులు ఆరబెట్టి, వరిగడ్డీ పేడా కలిపి కుప్ప వేసి, లోపల బాగా వేడెక్కేలా తిప్పితే కంపోస్టు అవుతుంది. గింజలూ వేళ్లూ చావడానికి ఆ వేడి తప్పనిసరి. ఫ్యాక్టరీ నీళ్లూ మురుగూ కలిసే నగరపు చెరువుల డెక్కను మాత్రం కూరగాయలకు తేవద్దు, లోహాలను అది పీల్చుకుని ఉంటుంది.

చెరువు మట్టి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు తెలంగాణ రైతులు పూడిక మట్టిని ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నారు. అది తాతల నాటి నుంచి తెలిసిన పనే. జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి పూతకు ముందు కలియదున్నడమూ అంతే. గట్టు మీద గ్లిరిసిడియా కొమ్మలు, కానుగ రొట్ట, వేప పిండి ఇవన్నీ చేతికందేవే. మిద్దె మీద అయితే వంటింటి చెత్తా ఎండుటాకులూ కలిసిన ఒక డ్రమ్ము చాలు. వీటిని లేబుల్ అంటించి అమ్మడం కష్టం, కమీషన్ అసలే రాదు. అందుకే వీటి గురించి మాట్లాడే సలహాదారు కనిపించడు, సీసా చేతబట్టుకున్నవాడు మాత్రం ప్రతి ఊరి కూడలిలో ఉంటాడు.

వ్యవసాయ శాఖ చేయాల్సిన పనులు రెండున్నాయి. నాచు సారం అమ్మే ప్రతి సీసా మీద, గుళికల సంచి మీద ‘ఇది ఎరువు కాదు’ అని తెలుగులో పెద్దక్షరాలతో రాయించాలి. జలవనరుల శాఖతో మాట్లాడి, గుర్రపుడెక్క తొలగించే టెండర్లోనే దాన్ని కంపోస్టు చేసి ఆయకట్టు రైతులకు ఇవ్వాలన్న షరతు పెట్టించాలి. వచ్చే ఖరీఫ్ టెండర్ల నుంచే ఇది మొదలు కావాలి.