కిరణం ఆగే చోటు

మెదడులో గడ్డ ఉన్న బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో డాక్టర్ ఎదుట కూర్చున్న తల్లిదండ్రుల చెవిన ఇప్పుడు ‘ప్రోటాన్ చికిత్స’ అనే మాట పడుతోంది. చెన్నై వెళ్లాలి, వారాల తరబడి అక్కడే ఉండాలి, ఖర్చు లక్షల్లో అవుతుంది. అయినా ఉన్నదంతా అమ్ముకునైనా వెళ్దామనుకునే కుటుంబాలను తప్పుపట్టలేం. ఎదిగే వయసు పిల్లల మెదడుకు, వెన్నెముకకు రేడియేషన్ ఇవ్వక తప్పనప్పుడు ప్రోటాన్లు చేసే మేలు నిజమైనది. అయితే యంత్రాన్ని కొన్నంత మాత్రాన ఆ మేలు చేతికందదు. దాన్ని నడిపే నిపుణులు, వారి లెక్కలను సరిచూసే మరికొందరు నిపుణులు, పొరపాటు జరిగితే దాచకుండా చెప్పే ఏర్పాటు ఉండాలి. కొత్త యంత్రాలకు అనుమతులు ఇచ్చేవారు, డబ్బు పెట్టేవారు ముందుగా ఈ సంగతి తేల్చాలన్నది మా డిమాండు.

మన ఊళ్లలో ‘కరెంటు పెట్టడం’ అని చెప్పుకునే మామూలు రేడియోథెరపీలో ఎక్స్ కిరణాలు వాడతారు. అవి చర్మం దాటిన కొద్ది సెంటీమీటర్లలోనే ఎక్కువ శక్తిని వదిలి, గడ్డను దాటుకుని, ఒంటి అవతలి వైపు నుంచి బయటికి పోతాయి. దారిలో ఉన్న ఆరోగ్యకరమైన కణజాలానికీ ఎంతోకొంత దెబ్బ తగులుతుంది. ప్రోటాన్లు, కార్బన్ అయాన్లు విద్యుదావేశం ఉన్న అతిచిన్న కణాలు. వాటి తీరు వేరు. వేగంగా దూసుకుపోయినంతసేపూ అవి కొద్దికొద్దిగానే శక్తిని ఖర్చు చేస్తాయి. వేగం తగ్గి ఆగబోయే ముందు మిగిలినదంతా అక్కడ కుమ్మరిస్తాయి. ఈ గుణాన్ని భౌతిక శాస్త్రవేత్త విలియం బ్రాగ్ 1904లో గమనించారు. దీన్ని వైద్యానికి వాడవచ్చని అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్ 1946లో ప్రతిపాదించారు. 1954లో అమెరికాలోని బర్కిలీలో తొలిసారి రోగికి ప్రోటాన్ కిరణాలు ఇచ్చారు. జపాన్‌లోని చిబాలో 1994 నుంచి కార్బన్ అయాన్లతో చికిత్స జరుగుతోంది. దక్షిణాసియాలో మొదటి ప్రోటాన్ కేంద్రాన్ని 2019 జనవరిలో చెన్నైలో అపోలో ప్రారంభించింది. ప్రభుత్వ రంగంలో టాటా మెమోరియల్ సెంటర్ నవీ ముంబైలోని ఖార్ఘర్‌లో మరొకటి నెలకొల్పింది. ఈ రెండింటినీ కలిపి అయాన్ చికిత్స అంటారు. ప్రపంచవ్యాప్తంగా అది పొందినవారి సంఖ్య మూడు లక్షలు దాటింది.

కోరిన లోతులో ఆగిపోవడమే ఈ కిరణం గొప్పతనం. దాని ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఎక్స్ కిరణాల చికిత్సలో లోతు అంచనా నాలుగైదు మిల్లీమీటర్లు తప్పినా గడ్డకు అందే మోతాదు పెద్దగా మారదు. ప్రోటాన్లతో అదే తప్పు జరిగితే గడ్డ చివరి అంచుకు మోతాదు అందకుండా పోవచ్చు, లేదా గడ్డ వెనకున్న వెన్నుపాము మీద పూర్తి మోతాదు పడవచ్చు.

ఆ లోతును లెక్కించేది సీటీ స్కాన్ ఆధారంగా. కణజాలం ఎక్స్ కిరణాలను ఎంత అడ్డుకుంటుందో సీటీ చెబుతుంది. ప్రోటాన్లను ఎంత అడ్డుకుంటుందో దాన్నుంచి గణించి రాబట్టుకోవాలి. ఈ గణనలో మూడున్నర శాతం దాకా తేడా రావచ్చన్న అంచనాతో చాలా కేంద్రాలు పనిచేస్తాయి. ఇరవై సెంటీమీటర్ల లోతున ఉన్న గడ్డకు అది ఏడు మిల్లీమీటర్లు. పంటిలో నింపిన లోహం, వెన్నెముకకు వేసిన రాడ్లు స్కాన్‌లో చారలు చారలుగా కనిపించి లెక్కను మరింత చెడగొడతాయి. పైగా రోగి శరీరం మొదటి రోజు ఉన్నట్టు చివరి రోజు ఉండదు. నోరు పూసి తిండి సహించని రోగి మూడో వారానికి చిక్కిపోతాడు, బుగ్గ పలచబడుతుంది, పాత లెక్కతో వచ్చే కిరణం ఇంకాస్త లోపలికి చొచ్చుకుపోతుంది. ముక్కు పక్కనున్న గాలి గదుల్లో (సైనస్‌లలో) చీము నిండినా ఖాళీ అయినా, పేగులో గాలి చేరినా ఇదే పరిస్థితి. ఊపిరితిత్తిలోని గడ్డ ప్రతి శ్వాసకూ కదులుతూనే ఉంటుంది. అందుకే చికిత్స మధ్యలో మళ్లీ స్కాన్ తీసి ప్రణాళికను సరిదిద్దుకోవడం ఇందులో విడదీయరాని భాగం. దాన్ని అదనపు సేవగా లెక్కగట్టి బిల్లులో వేరే పద్దు రాయడం సరికాదు.

ఈ పనిలో ఆరితేరినవారి జాగ్రత్త చూడండి. ప్రోస్టేట్ గడ్డకు కడుపు వైపు నుంచి కిరణం పంపి, వెనకనున్న పురీషనాళానికి ముందే ఆపవచ్చు. కాగితం మీద అది అందమైన ప్రణాళిక. చాలా కేంద్రాలు ఆ పని చేయవు. రెండు పక్కల నుంచి, తుంటి ఎముకల మీదుగా పంపుతాయి. కిరణం సరిగ్గా ఎక్కడ ఆగుతుందో మిల్లీమీటరు మేర చెప్పలేమని వారికి తెలుసు. పిల్లల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ. ప్రోటాన్ల జీవప్రభావాన్ని, అంటే ఒకే మోతాదుతో కణాలను దెబ్బతీసే శక్తిని, ఎక్స్ కిరణాల కంటే 1.1 రెట్లుగా లెక్కలోకి తీసుకుంటారు. దారి ముగిసే చివరి మిల్లీమీటర్లలో అది అంతకు మించి ఉంటుంది. ఆ చివర మెదడు కాండం మీద పడితే బిడ్డ నడక, మింగడం, ఊపిరి అన్నీ ప్రమాదంలో పడతాయి. అందుకే కిరణాల దిశలను ఓపికగా మార్చి మార్చి చూస్తారు. ఈ ఓపిక యంత్రంతో పాటు పెట్టెలో రాదు.

కార్బన్ అయాన్లతో ఈ చిక్కు పెరుగుతుంది. వాటి జీవప్రభావం గడ్డ దగ్గర రెండు మూడు రెట్లు ఉంటుంది కాబట్టి, ప్రోటాన్లకూ ఎక్స్ కిరణాలకూ లొంగని కొన్ని మొండి గడ్డలపై అవి పనిచేస్తాయి. కాని ఆ ప్రభావాన్ని లెక్కగట్టే నమూనా జపాన్‌లో ఒకటి, జర్మనీలో మరొకటి. అంకె ఒకటే రాసినా శరీరానికి అందే మోతాదు ఒకటి కాదు. జపాన్ అనుభవాన్ని యూరప్ కేంద్రాలు అందుకున్నప్పుడు ఆ అంకెలను మార్పిడి చేసుకోవాల్సి వచ్చింది. మన దేశంలోనూ కార్బన్ యంత్రం వచ్చే రోజున, ఎవరి పుస్తకంలోని అంకెను ఎవరి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తున్నారో అడిగే భౌతిక శాస్త్రవేత్త ఆ గదిలో ఉండాలి.

చికిత్స తర్వాత తమ ఒంటి నుంచి ఇంట్లోవారికి రేడియేషన్ తగులుతుందేమోనన్న భయం రోగులను వేధిస్తుంది. దానికి సమాధానం ఉంది. అయాన్లు యంత్రభాగాలనో ఒంటినో తాకినప్పుడు న్యూట్రాన్లనే మరో రకం కణాలు పుడతాయి, యంత్రభాగాలూ రోగి శరీరమూ కాస్త రేడియోధార్మికతను సంతరించుకుంటాయి. అందుకే చికిత్స గదుల చుట్టూ మందమైన కాంక్రీటు గోడలు కడతారు, గదిలోకి సిబ్బంది రాకపోకలను, వాడిన యంత్రభాగాల నిల్వను కట్టుదిట్టం చేస్తారు. అంతర్జాతీయ రేడియలాజికల్ రక్షణ సంఘం 2014లో తన 127వ ప్రచురణను పూర్తిగా ఈ విషయానికే కేటాయించింది. రోగి ఒంట్లో మిగిలే రేడియోధార్మికత కారణంగా చుట్టుపక్కలవారికి ప్రత్యేక జాగ్రత్తలు అక్కర్లేదని అందులో తేల్చింది. చికిత్స ముగించుకుని ఇంటికి వచ్చిన తాత నిశ్చింతగా మనవరాలిని ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చు. ఈ మాట రోగికి తెలుగులో చెప్పి పంపాలి.

గతంలో జరిగిన దుర్ఘటనలను ఇక్కడ తలచుకోక తప్పదు. అవి అయాన్ యంత్రాలవి కావు, కాని నేర్పే పాఠం ఒకటే. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే రేడియోథెరపీ యంత్రం ఆరుగురికి భయంకరమైన మోతాదులు ఇచ్చింది. కనీసం ముగ్గురు చనిపోయారు. పాత నమూనాల్లో ఉన్న యాంత్రిక రక్షణలను తీసేసి సాఫ్ట్‌వేర్ మీదే భారం వేయడం అందుకు ఒక ముఖ్య కారణం. రోగులు ఒళ్లు కాలిందని మొత్తుకుంటే, అలా జరిగే వీల్లేదని తయారీ సంస్థ జవాబిచ్చింది. ఫ్రాన్స్‌లోని ఎపినాల్ ఆస్పత్రిలో 2004-05లో ఇరవై మందికి పైగా ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు అధిక మోతాదు అందింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. సాఫ్ట్‌వేర్ తెర, సూచనల పుస్తకం ఇంగ్లిష్‌లో ఉండటం, సిబ్బందికి చాలినంత శిక్షణ లేకపోవడం ఆ తప్పుకు దారితీశాయి. ఎంత ఖరీదైన యంత్రమైనా దాని తెర మీది మాట దాన్ని నడిపేవారికి క్షుణ్ణంగా అర్థం కాకపోతే ఏమవుతుందో ఆ కుటుంబాలు అనుభవించాయి.

ఫ్రాన్స్ ఆ తర్వాత చేసిన పని మనకు ఆదర్శం కావాలి. రేడియోథెరపీలో జరిగే పొరపాట్లను అణు భద్రతా సంస్థకు తెలియజేయడం తప్పనిసరి చేశారు. వాటి తీవ్రతను కొలిచేందుకు 2007లో ఒక కొలబద్ద తయారుచేసి, ముఖ్యమైన ఘటనలను ప్రజల ముందు పెడుతున్నారు. మన దగ్గర అణుశక్తి నియంత్రణ మండలి ఉంది, లైసెన్సులు ఉన్నాయి, ప్రతి కేంద్రంలో రేడియేషన్ భద్రతాధికారి ఉండాలన్న నిబంధన ఉంది. దానికి తోడు, పొరపాట్లూ త్రుటిలో తప్పిన పొరపాట్లూ కేంద్రాల వారీగా సామాన్యుడికి అర్థమయ్యే భాషలో ఎప్పటికప్పుడు బయటికి రావాలి. నిజం చెప్పిన టెక్నీషియన్‌ ఉద్యోగానికి చట్టం అండగా నిలవాలి. లేకపోతే ఎవరూ నోరు విప్పరు, ఒక ఆస్పత్రిలో జరిగిన తప్పు మరో ఆస్పత్రిలో మళ్లీ జరుగుతుంది.

ఎవరికి అయాన్ చికిత్స, ఎవరికి అక్కర్లేదు అన్నది భద్రతకు సంబంధించిన ప్రశ్నే. పిల్లల గడ్డలు, కపాలం అడుగున పుట్టే కార్డోమా అనే గడ్డ, కంటిలో వచ్చే మెలనోమా అనే క్యాన్సర్ వంటివాటికి దీని విలువను ఎవరూ కాదనరు. అమెరికాలో ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 450 మందిపై ప్రోటాన్లనూ ఆధునిక ఎక్స్ కిరణాల చికిత్సనూ పోల్చి చూశారు. 2024లో ఫలితాలు వెల్లడించినప్పుడు రోగుల జీవన నాణ్యతలో తేడా కనబడలేదు. ఇలాంటి రోగిని ‘అధునాతనం’ అనే మాటతో అప్పుల పాలు చేయడం అన్యాయం. దేశంలో 2022లో కొత్తగా క్యాన్సర్ బారిన పడినవారు 14 లక్షలకు పైనే. వారిలో అత్యధికులకు కావలసింది దగ్గరలో, సమయానికి అందే మామూలు రేడియోథెరపీ. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రిలో, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలో యంత్రాలకూ వైద్య భౌతిక శాస్త్రవేత్తలకూ లోటు లేకుండా చూడటం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మొదటి బాధ్యత. నిజంగా ప్రోటాన్లు అవసరమైన పేద పిల్లల జాబితాను నిపుణుల సంఘం ఖరారు చేయాలి. ఖార్ఘర్‌లోనో చెన్నైలోనో వారి చికిత్స ఖర్చును, తోడు వెళ్లే తల్లి బస ఖర్చుతో సహా, ప్రభుత్వ ఆరోగ్య పథకాలే భరించాలి.

ఇక చెన్నై రైలెక్కబోయే తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ ఒంట్లో కిరణం ఎక్కడ ఆగుతుంది, ఆ చోటు వెనక ఏ అవయవం ఉంది, చికిత్స మధ్యలో ఎన్నిసార్లు మళ్లీ స్కాన్ తీస్తారు, ఈ లెక్కను రెండోసారి సరిచూసింది ఎవరు అని అడగండి. జవాబులు మీకు అర్థమయ్యే భాషలో, కాగితం మీద రాసి ఇమ్మనండి.