స్వతంత్ర పార్టీ జమీందార్ల పార్టీ అనేవాళ్లకు

"స్వతంత్ర పార్టీ అంటే రాజులు, జమీందార్లు, కోటీశ్వరుల పార్టీ. పేదవాడికి భూమి దక్కకుండా అడ్డం పడటానికే పుట్టింది. లైసెన్సుల పద్ధతి లేకపోతే దేశాన్ని టాటా బిర్లాలు మింగేసేవాళ్లు. ఆ రోజుల్లో ఎవరి నోరూ ఎవరూ నొక్కలేదు. చివరికి జనమే తిరస్కరించారు."

నెహ్రూ కాలం గురించి మాట వచ్చినప్పుడల్లా ఈ నాలుగైదు వాక్యాలు కాస్త అటూ ఇటూగా ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతుంటాయి. ఒక్కోసారి పైన, 1959లో కాంగ్రెస్‌కు పోటీగా ఆ పార్టీ పెట్టిన రాజాజీ (సి.రాజగోపాలాచారి) ఫొటో ఉంటుంది, ఒక్కోసారి జైపూర్ మహారాణి గాయత్రీదేవి ఫొటో. ఎన్.జి.రంగా గారి ఫొటో మాత్రం నేనెప్పుడూ చూడలేదు. అది పెడితే మొదటి వాక్యమే నిలబడదు.

ఆ పార్టీకి తొలి అధ్యక్షుడు రంగా గారే. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి, జమీందారీ గ్రామాల్లో రైతుల్ని కూడగట్టి జైలుకెళ్లిన మనిషి. 1936లో కిసాన్ సభ పెట్టినవాళ్లలో ఒకరు. రైతుబిడ్డలకు రాజకీయ పాఠాలు చెప్పడానికి సొంతూళ్లో విద్యాలయం నడిపారు. ఆంధ్రలో పార్టీకి మరో పెద్ద దిక్కు సర్దార్ గౌతు లచ్చన్న. శ్రీకాకుళం జిల్లా బారువలో కల్లుగీత కుటుంబంలో పుట్టినవారు. వీళ్లిద్దరూ జమీందార్ల మనుషులంటే ఉత్తరాంధ్రలో పాతతరం వాళ్లెవరూ ఒప్పుకోరు. పైగా మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లోనే వచ్చింది. పార్టీ పుట్టింది 1959లో. పదకొండేళ్ల కిందట పోయినదాన్ని కాపాడటానికి ఎవరైనా పార్టీ పెడతారా?

రాజులు చేరిన మాట నిజమే. రాజస్థాన్‌లో గాయత్రీదేవి, బీహార్‌లో రామ్‌గఢ్ రాజా, ఒరిస్సాలో సంస్థానాధీశుల ప్రాబల్యమున్న గణతంత్ర పరిషత్, వీళ్లందరికీ పార్టీలో పెద్దపీటే వేశారు. మాజీ రాజులకు ప్రభుత్వం ఏటా ఇచ్చే రాజభరణాల రద్దునూ పార్టీ వ్యతిరేకించింది. అది దానికి చెడ్డపేరు తెచ్చింది, తేవాల్సిందే. కానీ ఎన్నికల్లో గెలిచే రాజుల్ని కాంగ్రెస్ కూడా కళ్లకద్దుకుని తీసుకుంది. ఒకరికి మచ్చ అయినది ఇంకొకరికి బొట్టు ఎలా అవుతుంది?

రాజాజీ అంటే మనవాళ్లలో చాలామందికి కోపం. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబర్ 15న ప్రాణాలు విడిచినప్పుడు మద్రాసు ముఖ్యమంత్రి ఆయనే. ఆ కోపం నాకూ ఉంది. అయితే ఆ కోపంతో ఆయన చెప్పిన ప్రతి మాటా తప్పనడం నావల్ల కాదు.

ఇక భూమి సంగతి. అసలు గొడవంతా ఇక్కడే మొదలైంది.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఒక తీర్మానం చేసింది. ముందు సేవా సహకార సంఘాలు, ఆ తర్వాత ఉమ్మడి సహకార వ్యవసాయం. అంటే రైతులు తమ చెక్కల్ని ఒకటిగా కలిపేసి ఉమ్మడిగా సాగు చేసుకోవాలి. పట్టా కాగితం మీద పేరు ఉంటుంది, గట్టు మాత్రం ఉండదు. అంతకుముందు 1956లోనే మన ప్రతినిధి బృందం ఒకటి చైనా వెళ్లి, అక్కడి సహకార క్షేత్రాలు చూసి, మనకూ బాగుంటుందని చెప్పింది. ఆ బృందంలోనే ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, కానీ వాళ్ల మాట ఎవరికీ పట్టలేదు. నాగపూర్ సభలో నిలబడి ఇది మన రైతుకు సరిపడదని గట్టిగా చెప్పింది ఉత్తరప్రదేశ్ కాంగ్రెస్ నేత చరణ్ సింగ్. లోపల అనుమానాలున్న చాలామంది పైకి మాత్రం నలుగురితో నారాయణ అనేశారు. నెహ్రూ గారు కోరారు కాబట్టి అది మంచిదే అయ్యుంటుందన్న నమ్మకం. ఇవాళ మనం "అధిష్టానం ఏమంటే అదే" అంటామే, దాని తొలి రూపాల్లో ఇదొకటి.

రంగా గారు అప్పుడు కాంగ్రెస్‌లోనే, పార్లమెంటరీ పార్టీలో బాధ్యత గల పదవిలో ఉన్నారు. దాన్ని వదిలేసి బయటికొచ్చారు. జూన్‌లో మద్రాసులో పార్టీ ప్రకటన జరిగింది. ఆయన వాదన పెద్ద భూస్వామి గురించి కాదు. పెద్ద భూస్వామికి వకీళ్లుంటారు, బినామీలుంటారు, తప్పించుకుంటాడు. రెండెకరాలు, మూడెకరాలు ఉన్నవాడు గట్టు పోతే కూలీ అయిపోతాడు. సరిగ్గా ఆ ఏళ్లలోనే, 1959 నుంచి 1961 దాకా, చైనాలో ఊళ్లకు ఊళ్లనే ఉమ్మడి సాగులోకి నెట్టిన కమ్యూన్ల ప్రయోగం కోట్లమందిని ఆకలితో చంపింది. ఆ సంగతి ప్రపంచానికి పూర్తిగా తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

మన దగ్గర ఉమ్మడి సాగు కాగితాల మీదే ఆగిపోయింది. తిండిగింజల కొరత తీరింది సొంత గట్టు మీద నిలబడ్డ రైతు కొత్త విత్తనం, ఎరువు, గిట్టుబాటు ధర అందుకున్నాకే. స్వచ్ఛందంగా పెట్టుకున్న సహకార సంఘాలకు రంగా గారు ఎప్పుడూ వ్యతిరేకి కాదు. 1946లో గుజరాత్ పాడిరైతులు పెట్టుకున్న అమూల్ చూడండి. అక్కడ పాలు కలిశాయి, గేదెలు కలవలేదు. ఎవరి గేదె వాళ్ల దొడ్లోనే ఉంది.

1964లో 17వ రాజ్యాంగ సవరణ వచ్చినప్పుడు కూడా ఇదే పోరాటం. జమీందారీల కోసం రాసిన "ఎస్టేట్" అనే మాటను సాగదీసి, రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ భూములకూ తగిలించారు. స్వతంత్ర పార్టీ దేశమంతా సభలు పెట్టింది. చట్టం ఆగలేదు. కానీ పరిమితికి లోబడి సొంతంగా సాగు చేసుకునే భూమిని తీసుకోవాలంటే మార్కెట్ ధర ఇచ్చితీరాలన్న షరతు అదే సవరణలో చేరింది. ఈరోజు భూసేకరణ నోటీసు అందుకున్న చిన్న రైతుకు ఆ షరతు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఒక్కచోట మాత్రం నా దగ్గర సమాధానం లేదు. సెంటు భూమి లేని దళిత కూలీకి స్వతంత్ర పార్టీ ఏమిచ్చింది? ఏమీ ఇవ్వలేదు. ఆస్తి హక్కు గొప్పదని ఆస్తి లేనివాడికి చెబితే అది కడుపు నింపదు. ఆ మాట అనేవాళ్లతో నేను వాదించను.

టాటా బిర్లాల వాదన మీద మాత్రం చాలా చెప్పాలి. 1951 నాటి పరిశ్రమల చట్టం ప్రకారం ఫ్యాక్టరీ పెట్టాలన్నా, పెంచాలన్నా, కొత్త సరుకు తయారు చేయాలన్నా ఢిల్లీ నుంచి లైసెన్సు రావాలి. ఇది పెద్దవాళ్లను కట్టడి చేసిందా? ప్రణాళికా సంఘం కోసమే ఆర్.కె.హజారీ 1967లో నివేదిక ఇచ్చారు. లైసెన్సుల్లో పెద్ద వాటా పెద్ద కుటుంబాలకే, ముఖ్యంగా బిర్లాలకే పోయిందని, కొన్ని చోట్ల లైసెన్సు తీసుకుని ఫ్యాక్టరీ పెట్టకుండా పోటీదారుకు దారి మూశారని అందులో తేలింది. ఘనశ్యామ్ దాస్ బిర్లా స్వతంత్ర పార్టీ వైపు రాలేదు, కాంగ్రెస్ పక్షానే ఉన్నారు. టాటాలు స్వతంత్రకు చందా ఇచ్చారు, కాంగ్రెస్‌కూ ఇచ్చారు. ఢిల్లీలో మనిషిని పెట్టుకోగలిగినవాడికి లైసెన్సు అడ్డం కాదు, కంచె. విజయవాడలోనో వరంగల్లోనో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నవాడు ఆ కంచె బయట ఉండిపోయాడు. "పర్మిట్ లైసెన్స్ రాజ్" అనే మాట రాజాజీ పుట్టించింది దీని గురించే.

సామాన్యుడి దాకా వస్తే అది ఎలా ఉండేదో ఒకటి చెబుతాను. 1974లో మా అక్క పెళ్లి. బయట పంచదార ధర మండిపోతోంది, కంట్రోలు ధరకు కావాలంటే పర్మిట్ ఉండాలి. నాన్న నాలుగు మూలలా పసుపు పూసిన శుభలేఖ ఒకటి అర్జీకి జతచేసి తాలూకా ఆఫీసుకు పట్టుకెళ్లారు. నాకప్పుడు పన్నెండేళ్లు, వెంట వెళ్లాను. గుమాస్తా శుభలేఖను వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, ఎంతమంది వస్తారని అడిగాడు. మూడొందలన్నారు నాన్న. "అంతమందిని ఎందుకు పిలిచారు?" అన్నాడు. నాన్న తల దించుకుని నవ్వారు. జీవితంలో ఎవరి ముందూ తలవంచని మనిషి, కూతురి పెళ్లికి మిఠాయి చేయించడానికి, సొంత డబ్బుతో పంచదార కొనుక్కోవడానికి, అలా నిలబడ్డారు. నాలుగుసార్లు తిరిగాక వచ్చిన పర్మిట్ అడిగినదాంట్లో సగానికి. నాకు రాజకీయాలంటే ఏమిటో తెలిసింది ఆ రోజునే.

గోల్డ్ కంట్రోల్ ఇంకా ఘోరం. దొంగ బంగారం ఆపాలని 1963 జనవరిలో 14 కారెట్లకు మించిన నగ చేయకూడదని ఆంక్ష పెట్టారు. 14 కారెట్ల తాళిబొట్టు ఎవరు కట్టుకుంటారు? ఊరూరా కంసాలి కుంపటి చల్లారింది. తరతరాల పనితనం చేతిలో ఉండి కూలికెళ్లినవాళ్లు, బతకలేక ప్రాణం తీసుకున్నవాళ్లు ఉన్నారు. స్మగ్లింగ్ మాత్రం ఆగలేదు, పెరిగింది. 14 కారెట్ల ఆంక్షను తర్వాత ఎత్తేశారు గానీ, 1968లో ఏకంగా చట్టమే తెచ్చారు, దాన్ని 1990 దాకా రద్దు చేయలేదు. తప్పని తెలిశాక దిద్దుకోవడానికి అన్నేళ్లు ఎందుకు పట్టిందంటే, తప్పని చెప్పినవాణ్ని ముందే పేదల శత్రువని ముద్రవేసి పక్కన కూర్చోబెట్టారు కాబట్టి.

"ఎవరి నోరూ నొక్కలేదు" అనేది అందుకే నాకు బాగా కష్టంగా తోచే మాట. 1950లో మద్రాసు ప్రభుత్వం వామపక్ష పత్రిక క్రాస్ రోడ్స్‌ను రానివ్వలేదు, ఢిల్లీలో ఆరెస్సెస్ పత్రిక ఆర్గనైజర్ మీద ముందస్తు సెన్సార్ పెట్టారు. సుప్రీంకోర్టు రెంటినీ కొట్టేసింది. మరుసటి ఏడే మొదటి రాజ్యాంగ సవరణతో వాక్ స్వాతంత్య్రం మీద పరిమితులు పెంచారు. 1977 ఎన్నికల దాకా ఆకాశవాణిలో ప్రతిపక్షాలకు ఎన్నికల ప్రసంగం చేసే వీలే లేదు. ఇందిరా గాంధీ హయాంలో విమర్శించిన ప్రతివాడూ అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఏజెంటే. ఆ మాటలు విని విసిగిపోయిన స్వతంత్ర పార్టీ ఎంపీ పీలూ మోదీ, "నేను సీఐఏ ఏజెంట్‌ని" అని రాసిన అట్ట తగిలించుకుని పార్లమెంటుకే వచ్చారు. 1975లో ఎమర్జెన్సీ రాగానే ఆయన్ని జైల్లో వేశారు. ఆ పార్టీ పాత నాయకుడు మినూ మసానీ తన పత్రికలో వ్యాసాలను సెన్సార్ అధికారి కొట్టేస్తే బొంబాయి హైకోర్టుకు వెళ్లి 1976లో గెలిచారు. పత్రికలన్నీ ఒకే పాట పాడేలా చూడటం సెన్సార్ పని కాదని ఆ తీర్పు సారాంశం.

నోరు నొక్కడమంటే జైలు ఒక్కటే కాదు. ముద్ర వేయడం కూడా అదే. ఇది రాస్తూ నా వైపువాళ్లకూ చెబుతున్నాను: అప్పుడు సీఐఏ ఏజెంట్, ఇప్పుడు దేశద్రోహి. మనకు జరిగింది మనం ఇంకొకరికి చేస్తే మన బాధకు విలువ ఉండదు.

స్వతంత్ర పార్టీలో నాకు అన్నిటికంటే నచ్చేది దాని 21 సూత్రాల్లో చివరిది. ఆ సూత్రాల పరిధిలోకి రాని విషయాల్లో సభ్యుడు తన మనస్సాక్షి ప్రకారం మాట్లాడొచ్చు, ఓటేయొచ్చు. ఇవాళ ఏ పార్టీలో ఉంది ఈ మాట? 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం విప్ ధిక్కరిస్తే పదవి ఊడుతుందంటుంది. ఫిరాయింపులు ఆగాయా? 2019లో తెలంగాణ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 18 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో కలిసిపోయారు. ఆంధ్రలో అంతకుముందు 23 మంది వైసీపీ నుంచి టీడీపీలోకి వెళ్లారు. గోడ దూకేవాడికి అడ్డం లేదు. పార్టీలోనే ఉండి ఒక బిల్లు బాగాలేదని ఓటేసే నిజాయితీపరుడికే అడ్డం.

"జనం తిరస్కరించారు" అన్నదానికి ఎక్కువ రాయక్కర్లేదు. 1962లో లోక్‌సభలో 18 సీట్లు, 1967లో 44 సీట్లతో అతిపెద్ద ప్రతిపక్షం. నక్షత్రం గుర్తు మీద ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి ఆ ఏడు 29 మంది గెలిచారు. 1971 ఇందిర గాలిలో లోక్‌సభలో ఎనిమిదికి పడిపోయింది. 1972లో రాజాజీ పోయారు, రంగా గారు తిరిగి కాంగ్రెస్‌లోకి వెళ్లిపోయారు, 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. అదంతా నిజమే. అయితే 1991లో విదేశీ మారకం కొన్ని వారాల దిగుమతులకే మిగిలి, రిజర్వ్ బ్యాంకు బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టాల్సి వచ్చాక, జూలై 24న 18 పరిశ్రమలు తప్ప మిగతా అన్నిటికీ లైసెన్సు ఎత్తేసింది కాంగ్రెస్ ప్రభుత్వమే. ప్రధాని పీవీ నరసింహారావు, పరిశ్రమల శాఖ కూడా ఆయన దగ్గరే. రంగా గారు అప్పటికి బతికే ఉన్నారు. తొంభై ఏళ్లు.