వీసా కోసం కొన్న పాలసీ మంచు మీద చెల్లుతుందా?

చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఫైల్‌లో ఒక కాగితం తప్పనిసరి: కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్. మన లెక్కలో దాదాపు 30 లక్షల రూపాయలు. స్విట్జర్లాండ్‌కూ ఇదే రూలు. చాలా కుటుంబాలు ఆ పని ఏజెంటుకే వదిలేస్తాయి. అతను చవకగా దొరికేది తీసుకుంటాడు. వీసా వచ్చేస్తుంది, ఆ పీడీఎఫ్‌ను మళ్లీ ఎవరూ తెరవరు.

తెరిస్తే ‘వర్తించనివి’ అని ఒక జాబితా ఉంటుంది. యుద్ధం, మద్యం మత్తు, ఆత్మహత్యాయత్నం... చాలా బేసిక్ పాలసీల్లో వాటి పక్కనే సాహస క్రీడలు, స్కీయింగ్ (పాదాలకు పొడవాటి పలకలు తగిలించుకుని మంచు మీద జారడం) లాంటి వింటర్ స్పోర్ట్స్ కూడా. కొన్ని కంపెనీలు అదనపు ప్రీమియం తీసుకుని వాటిని చేరుస్తాయి. అప్పుడు కూడా గుర్తులు పెట్టిన దారి దాటి వెళితే సాధారణంగా చెల్లదు. స్విట్జర్లాండ్‌లోని టిట్లిస్ కొండ మీద మంచు విసురుకుని, ఫొటోలు దిగి వచ్చేసేవాళ్లకు ఈ గొడవ లేదు. పిల్లలకు రెండు రోజుల స్కీ స్కూల్ బుక్ చేసినవాళ్లకే ఇదంతా.

‘చిన్న వాలు మీదే కదా’ అంటారు. స్కీయింగ్ దెబ్బల్లో పెద్ద వాటా మోకాలిదే, దానికి వేగం అక్కర్లేదు. కొత్తవాళ్లు మెల్లగా జారుతూనే వెనక్కి పడతారు. పడగానే స్కీ పలక నుంచి బూటు ఊడిపోవాలి. నెమ్మదిగా మెలితిరిగితే ఒక్కోసారి ఊడదు, కాలు తిరిగినా స్కీ తిరగదు, లిగమెంటు తెగుతుంది.

అలా పడింది తల్లి అనుకుందాం. ఫ్రాన్స్‌లోనైతే స్లెడ్ (మంచు మీద లాగే బండి) మీద కిందికి దింపినందుకే బిల్లు వేస్తారు. హెలికాప్టర్ వస్తే చెప్పక్కర్లేదు. కాలికి సిమెంటు కట్టు వేశాక దూర ప్రయాణానికి ఎయిర్‌లైన్స్ మామూలుగా 48 గంటలు ఆగమంటాయి. మోకాలు వంచలేకపోతే ఒక్క సీటు చాలదు. ఈలోగా తండ్రి ఆస్పత్రిలో, ఇద్దరు పిల్లలు హోటల్లో. పిల్లల్ని చూసుకోవడానికి ఒకరు కావాలి, తిరుగు టికెట్లు నలుగురివీ మారాలి. దెబ్బ తగిలింది ఒక్క కాలికే, ఖర్చు మాత్రం నలుగురిది. అందుకే కుటుంబం చూడాల్సింది వైద్య పరిమితి ఒక్కటే కాదు. తోడుండేవారి బస, పిల్లల్ని ఇంటికి చేర్చడం, ఆగిపోయిన ట్రిప్ డబ్బు ఇవి పాలసీలో ఉన్నాయా అన్నది అసలు సంగతి.

మనవాడే ఇంకొకరిని గుద్దితే? ఇటలీలో 2022 నుంచి స్కీయర్లకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అమెరికాలో నటి గ్వినెత్ పాల్ట్రో 2016లో స్కీయింగ్ చేస్తూ ఒకరిని ఢీకొట్టిందంటూ తన మీద వేసిన కేసులో 2023లో గెలిచింది. చేతికొచ్చిన పరిహారం ఒక్క డాలర్, అదీ ఎదురు దావాలో ఆమె అడిగినంతే. లాయర్ల ఫీజు వేరే.

మన కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు స్కీయింగ్‌కి వెళితే వీసా ఊసే లేదు కాబట్టి ఇన్సూరెన్స్ గురించి ఎవరూ ఆలోచించరు. ఒక ఊరట ఉంది. మన ఆరోగ్య పాలసీల్లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం సాహస క్రీడల మినహాయింపు ప్రొఫెషనల్స్‌కే, సరదాగా ఆడేవారికి కాదు. ఆస్పత్రి బిల్లు వరకు ఫర్వాలేదు. కొండ మీద నుంచి దింపడం, మిగతావాళ్ల టికెట్లు మాత్రం మన జేబులోంచే.

ఫ్రాన్స్‌లో స్కీ వాలు పైకి తీసుకెళ్లే లిఫ్ట్‌కు పాస్ ఇచ్చే కౌంటర్లోనే స్కీ ఇన్సూరెన్స్ అమ్ముతారు, మనిషికి రోజుకు మూడు నాలుగు యూరోలు. కావాలా అని అడుగుతారు. వెనక క్యూ పెద్దది, పిల్లలు చలికి వణుకుతుంటారు. ‘వీసాకి తీసుకున్నది ఉందిగా, వద్దులే’ అనేస్తారు.