ముందు సంపుటం నంబరు చెప్పండి

"వీల్ ఆఫ్ టైమ్ మొదలుపెట్టొచ్చా?" అని ఎవరైనా అడిగితే చాలు, బెంగళూరు తెలుగు పాఠకుల్లో రెండు వర్గాలు లేచి నిలబడతాయి. ఇది చదవకపోతే ఫ్యాంటసీ చదివినట్టే కాదని ఒక వర్గం. పద్నాలుగు పుస్తకాల దండగ, ఆడపాత్రలు జడ పీక్కోవడం తప్ప ఏముందని ఇంకో వర్గం. అడిగిన పిల్లాడు చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల అర ముందు నిలబడి ఈ రెండూ ఫోన్లో చదువుకుని, ఏదీ కొనకుండానే మెట్రో ఎక్కేస్తాడు.

రెండు వర్గాలతోనూ నా పేచీ ఒకటే. ఏ సంపుటం గురించి మాట్లాడుతున్నారో ఎవరూ చెప్పరు. మొదటిది 1990లో వచ్చింది, పద్నాలుగోది 2013లో. అన్నీ కలిపితే 40 లక్షల మాటలకు పైనే. రాసిన రాబర్ట్ జోర్డన్ 2007లో పోయారు, చివరి మూడూ ఇంకొకాయన పూర్తిచేశారు. ఇంత దానికి ఐదుకి ఇన్ని చుక్కలని ఒకే మార్కు ఎలా వేస్తాం? భారతం గురించి మనమెప్పుడైనా అలా మాట్లాడామా? వానలు పడాలంటే విరాటపర్వం చదివిస్తాం. రాయబారం పద్యాలు నోటికి వస్తాయి. శాంతిపర్వం దగ్గర చాలామంది పుస్తకం మూసేస్తారు, మూశామని చెప్పుకోవడానికి సిగ్గుపడరు కూడా. ఏ పర్వం లెక్క ఆ పర్వానిదే.

అందరూ పట్టుకుని కొట్టుకునే మాట "స్లో". ఈ నవలలో నెమ్మది రెండు రకాలు. ఒకటి బరువుతో వచ్చిన నెమ్మది, ఇంకొకటి బండి బురదలో దిగబడిన నెమ్మది. రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఈ గొడవ ముప్పై ఏళ్లుగా తెగడం లేదు.

మొదటి రకం ఎలా ఉంటుందో తెలియాలంటే నాలుగో సంపుటం షాడో రైజింగ్‌లో 25, 26 అధ్యాయాలు చూడండి. ఐయెల్ అనే ఎడారి జాతి ఉంది. మనిషిని చంపే ముందు మొహానికి ముసుగు కట్టుకుంటారు. కత్తి ముట్టరు, బల్లెం పడతారు. ముందు సంపుటాల్లోనే ఇవన్నీ చూస్తాం, ఏదో అనాగరిక జాతి ఆచారం అనుకుని పేజీ తిప్పేస్తాం. ఇక్కడ కథానాయకుడు రాండ్ ఒక గాజు స్తంభాల మధ్య నడుస్తాడు. అడుగు ముందుకు పడేకొద్దీ కాలం వెనక్కి పోతుంది. ముందు ఒక పూర్వీకుడి కళ్లతో, తర్వాత అంతకంటే పాతవాడి కళ్లతో, ఇలా తరాలు దాటి పాత యుగం దాకా. మధ్యలో లెవిన్ అనే కుర్రాడు వస్తాడు. అతనివాళ్లు హింస చేయబోమని ఒట్టు పెట్టుకున్నవాళ్లు. చెల్లెల్ని దుండగులు ఎత్తుకుపోతే, దుమ్ముకు అడ్డంగా మొహానికి గుడ్డ కట్టుకుని వెళ్లి, మనుషుల్ని చంపి మరీ ఆమెను విడిపించి తెస్తాడు. ఇంటికొస్తే కన్నతల్లే కొడుకుగా ఒప్పుకోదు. నీ మొహం నాకు చూపించకు అంటుంది. మూడు సంపుటాలుగా మనం చూస్తూ వచ్చిన ముసుగు అక్కడ పుట్టింది. కథ వెనక నుంచి ముందుకు చెప్పి ఉంటే ఇదొక ఐతిహ్యంగా మిగిలేది. ముందు నుంచి వెనక్కి చెప్పాడు కాబట్టి ప్రతి ఆచారం ముందు ఫలితంగా కనిపించి, తర్వాత కారణం తెలుస్తుంది. ఈ 2 అధ్యాయాలు పనిచేయాలంటే ముందు 3 సంపుటాలు అంత నిదానంగా, అన్ని బట్టలూ మర్యాదలూ వర్ణించుకుంటూ నడవక తప్పదు. ఇది నెమ్మదే. కానీ వడ్డీతో సహా తిరిగొచ్చే నెమ్మది.

ఇప్పుడు రెండో రకం. పదో సంపుటం, క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్విలైట్, 2003. తొమ్మిదో సంపుటం చివర ఒక మహాకార్యం జరుగుతుంది (ఏమిటో చెప్పను). ఇక కథ దూకుతుందని చూస్తాం. పదోది తెరిస్తే కాలం వెనక్కి వెళ్తుంది. అదే రోజు ఫలానావాళ్లు ఎక్కడున్నారు, దూరాన ఆ వెలుగు చూసి ఏమనుకున్నారు అని ఒక్కొక్కరి దగ్గరికీ తీసుకెళ్తాడు. ఒకే కబురు నాలుగు ఊళ్లకు చేరడం నాలుగుసార్లు చదవాలి. రాండ్ వచ్చేది దాదాపు ఒక్క అధ్యాయంలోనే, అదీ చివరికొచ్చాక. రాండ్ ఊరి నేస్తం పెరిన్ సంగతి మరీ కష్టం. అతని భార్యను శత్రువులు పట్టుకుపోయేది తొమ్మిదో సంపుటంలో, విడిపించేది పదకొండులో. అచ్చయిన లెక్కలో 2000 నుంచి 2005 దాకా. మధ్యలో పదో సంపుటంలో అతను సైన్యానికి తిండిగింజల కోసం ఒక ఊరికి వెళ్తాడు. గింజలకు పురుగు పట్టి ఉంటుంది, తూర్పారపట్టిస్తారు. ఆ ఊళ్లో మనుషులు స్నానాలు మానేసి, ఏదో భయంతో బిక్కచచ్చి తిరుగుతుంటారు. విడిగా చదివితే అద్భుతమైన ఘట్టం, లోకం లోపల్నుంచి కుళ్లుతోందని పురుగుపట్టిన గింజతో చెప్పాడు. కానీ చోటు తప్పింది. పెళ్లాం చెరలో ఉన్నవాడి వెంట నడుస్తున్న పాఠకుడికి ఆ గింజల బేరం నరకం. రాయడం చేతకాక వచ్చిన లోపం కాదిది, కూర్పులో వచ్చిన లోపం. అభిమానులు ఈ సంపుటాన్ని వెనకేసుకురావడం మానాలి.

అసలు ఈ ఊబి ఎందుకు ఏర్పడిందో కూడా చూడాలి. మొదట్లో జోర్డన్ ఒక కిటుకు వాడాడు, కథలో దారాలు ఎక్కువైతే ఒకదాన్ని పూర్తిగా పక్కన పెట్టేసేవాడు. మూడో సంపుటంలో రాండ్ కనిపించేదే తక్కువ. ఐదులో పెరిన్ లేడు. ఎనిమిదిలో వాళ్ల ఇంకో నేస్తం మ్యాట్ లేడు. ఒకరు తప్పుకుంటే మిగతావాళ్లకు చోటు దొరికేది. పదో సంపుటానికి వచ్చేసరికి అందర్నీ తలా కాస్త ముందుకు నెట్టాలని చూశాడు, ఎవరూ ముందుకు పోలేదు. అప్పట్లో ఒక్కో సంపుటానికీ రెండేళ్లు, మూడేళ్లు ఆగి చదివినవాళ్ల కోపం వేరు. పదకొండోది పక్కనే పెట్టుకుని పదోది నాలుగు రోజుల్లో ముగించేవాళ్ల అనుభవం వేరు. ఒకరి తిట్టు ఇంకొకరికి సలహాగా పనికిరాదు.

ఆడపాత్రల మీద ఫిర్యాదుకు పూర్తిగా బలముంది. నైనీవ్ జడ లాక్కోవడం, ఇంకొకామె లంగా సర్దుకోవడం, అందరూ ముక్కుతో చీదరించుకోవడం, వందలసార్లు వస్తాయి. సంపాదకుడి కత్తెర పడాల్సిన చోట పడలేదు. అయితే మగపిల్లలు ముగ్గురూ "ఆడవాళ్లతో మాట్లాడటం నాకు రాదు, మిగతా ఇద్దరికీ బాగా తెలుసు" అని ఎవరికి వాళ్లే అనుకోవడం కూడా అన్నిసార్లూ వస్తుంది, దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు.

ఇక చివరి మూడు సంపుటాలు. జోర్డన్ రాసిపెట్టిన ఘట్టాలు, నోట్సు ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ పూర్తిచేశాడు. ఆయన్ని ఎంచుకున్నది జోర్డన్ భార్యా సంపాదకురాలూ అయిన హ్యారియెట్ మెక్‌డూగల్. ఒక్క పుస్తకం అనుకున్నది 2009, 2010, 2013లో మూడుగా వచ్చింది. "వేరేవాడి చెయ్యి పడింది, చెడిపోయింది" అని మన తెలుగువాళ్లే అంటుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. ముగ్గురు కవులు పూర్తిచేసిన భారతం మనది! నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగితే, తిక్కన విరాటం నుంచి ఎత్తుకున్నాడు. మిగిలిన ఖాళీని ఎర్రన ఆ తర్వాతెప్పుడో పూరించాడు. నన్నయ ఫణితితో మొదలుపెట్టి, మెల్లగా తిక్కన దారిలోకి తెచ్చి, అతుకు కనపడకుండా కలిపాడని పెద్దలంటారు. శాండర్సన్ దారి ఎర్రనది కాదు. జోర్డన్ శైలిని అచ్చంగా అనుకరించబోనని 2009 సంపుటం ముందుమాటలోనే చెప్పాడు. కాబట్టి అతుకు కనిపిస్తుంది. వాక్యాలు పొట్టివవుతాయి, బట్టల వర్ణన తగ్గుతుంది, ఘట్టాలు చకచకా మారతాయి. మ్యాట్ హాస్యం మొదట్లో శ్రుతి తప్పింది, ఆ పాత్ర తనకు కష్టమైందని శాండర్సనే ఒప్పుకున్నాడు. కానీ పదేళ్లుగా విడివిడిగా వేలాడుతున్న దారాలన్నీ ముడిపడ్డది ఆ చేతుల్లోనే. నా ఓటు ఆయనకే.

దీని మీద తీసిన సీరియల్ చూసి నవల మీద తీర్పు చెప్పేవాళ్ల గురించి ఎక్కువ మాట్లాడను. 2021 నుంచి 2025 దాకా మూడు సీజన్లు వచ్చి ఆగిపోయింది. నవల మొదట్లో ఇంకా పెళ్లి కూడా కాని పెరిన్‌కు మొదటి భాగంలోనే భార్యను పెట్టి, అతని చేతే చంపించారు. అది వేరే కథ.

కొనబోయేవాళ్లకు కొన్ని సంగతులు. సెకండ్ హ్యాండ్‌లో "ఫ్రమ్ ద టూ రివర్స్" అని కనిపిస్తే ఆగండి. అది పిల్లల కోసం 2002లో మొదటి సంపుటాన్ని రెండుగా చీల్చి వేసినదాంట్లో మొదటి సగం. "టు ద బ్లైట్" కూడా దొరికితేనే కథ పూర్తవుతుంది. కొనేముందు పుస్తకాన్ని సరిగ్గా మధ్యలో తెరవండి. ఇంత లావు చిన్న సైజు పేపర్‌బ్యాకుల్లో జిగురు ఎండి వీపు విరిగేది అక్కడే. తర్వాత చివరి పేజీలు చూడండి. పేర్ల పట్టిక ఉండేది అక్కడే, ముందు చిరిగేవీ అవే. ఆ పట్టిక లేకపోతే పేర్ల కోసం నెట్‌లో వెతుకుతారు, వెతుకుపెట్టెలో రెండు అక్షరాలు కొట్టగానే ఎవరు చచ్చిపోతారో అదే చెప్పేస్తుంది.

అవుటర్ రింగ్ రోడ్డు మీద రోజుకు రెండు గంటలు పోగొట్టుకునేవాళ్లకు ఆడియో మంచి దారి. మొదటి సంపుటం సుమారు 30 గంటలు, అంటే మూడు పనివారాలు. కేట్ రీడింగ్, మైఖేల్ క్రేమర్ చదివినది తీసుకుంటే స్త్రీ దృష్టిలో నడిచే భాగాలు ఆమె, పురుషులవి ఆయన చదువుతారు, ఎవరి దారంలో ఉన్నామో గొంతును బట్టే తెలిసిపోతుంది. 2004లో వచ్చిన పూర్వకథ న్యూ స్ప్రింగ్‌తో మాత్రం మొదలుపెట్టకండి, అందులోని మనుషుల విలువ తెలియాలంటే ముందు వాళ్లతో పది సంపుటాలు నడిచి ఉండాలి.

మొదటి వంద పేజీలు లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్‌లా అనిపిస్తే కంగారు పడొద్దు, జోర్డన్ కావాలనే అలా మొదలుపెట్టాడు. అక్కడ ఆపి "కాపీ" అనకండి. ఆపాలనుకుంటే నాలుగో సంపుటం 26వ అధ్యాయం అయ్యాక ఆపండి. లెవిన్ తల్లి మాట దగ్గర గొంతులో ఏమీ అడ్డుపడకపోతే నాలుగూ ఎవరికైనా ఇచ్చేయండి, ఆ మీదట ఎవరి మాటా వినక్కర్లేదు, నాది కూడా.